కోటమ్మకు రికవరీ డ్రైవ్

ఆశ్వయుజ బహుళ తదియ

గాలి తూర్పు. పోటు ఓ మోస్తరు. ఇంటి అడుగు పీపాలన్నీ పొడిగానే ఉన్నాయి. తెప్పలపాలెం పంచాయతీ ప్రతి ఇంటినీ రోజూ రాసి పెట్టమన్నది ఇంతవరకే. మిగతాదంతా నా సొద. ఓపికున్నవాళ్ళు చదవచ్చు, లేనివాళ్ళు పక్క తెప్ప కబుర్లకు పోవచ్చు.

పొద్దున్నే మా ఆయన భావనారాయణ నీళ్ళలోకి దిగి పీపాలకు పట్టిన నత్తలు గీకాడు. నేను పైన కూర్చుని తాడు చూసుకున్నాను. మా తెప్పిల్లు కట్టి ఉన్నది మునిగిపోయిన పాత ఊరి వాటర్ ట్యాంకు మెడకి. ట్యాంకు నెత్తిన కొంగలు కాపురం పెట్టాయి. తాడు వదులైతే ముందు అవే గోల చేస్తాయి కాబట్టి వాటిని తోలకూడదని మా పేటలో అందరి మాట.

షాపు పడవ మస్తాన్ వచ్చి పిడుగు కబురు చెప్పాడు. దక్షిణం వరసలో ఒక ఇంటి కంప్యూటర్ పిడుగుకి పోయిందట. ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించే పెన్‌డ్రైవ్, అదే రికవరీ డ్రైవ్, వాళ్ళ దగ్గర లేదట. ఇల్లు తూకం తప్పి వంటగది వైపు మునిగిందట. "తుఫాన్ల రోజులక్కా. ఎవరిది వాళ్ళు చేసి పెట్టుకోండి" అన్నాడు.

మా ఇంటి కంప్యూటర్ పేరు కోటమ్మ. ఆ పేరు పెట్టింది మా అత్తయ్య మాణిక్యాంబ. ఆవిడ నాకు మేనత్త కూడా, అందుకే మా ఇద్దరి మధ్య మర్యాదలు తక్కువ. గాలి ఇంటిని ఒక పక్కనుంచి ఎత్తుతుంటే ఆ పక్క పీపాల్లోకి నీళ్ళు తోడి ఇంటిని నిలబెట్టడం కోటమ్మ అసలు ఉద్యోగం. అత్తయ్యకు చూపు పోయాక ఇంకో ఉద్యోగం నేర్చుకుంది. అలల మీద ఊగే ఇంట్లో కళ్ళున్న మేమే తూలుతుంటాం. ఆవిడ మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వసారాలోకీ, కోళ్ళ గూటి దగ్గరికీ తిరుగుతుంది. కోటమ్మ అడుగడుగునా పక్కన మనిషిలా చెబుతూ ఉంటుంది.

"కుడి చేత్తో గోడ పట్టుకో నాయనమ్మా. ఆగు, అల వస్తంది. ఆఁ, పోయింది. ఇప్పుడెయ్యి అడుగు."

కొత్తలో అది వార్తలు చదివినట్టు మాట్లాడేది. ఇన్నేళ్ళలో అత్తయ్య యాసంతా పట్టేసింది, ఆవిడ దగ్గూ సణుగుడూ కూడా. కోటమ్మ పోతే ఇల్లు ఒరుగుతుందని మా ఆయన భయం. అత్తయ్య మంచానికి అతుక్కుపోతుందని నా భయం.

సాయంత్రం ఇంట్లో ఉన్న పాత పెన్‌డ్రైవ్ పెట్టి చూశాం. తెర మీద "ఈ డ్రైవ్‌లో చోటు చాలదు" అని వచ్చింది. గ్లాసులో బిందెడు నీళ్ళు పోస్తామంటే ఏ గ్లాసు మాత్రం ఒప్పుకుంటుంది? పెద్దది తెమ్మని మస్తాన్‌కి చెప్పి పంపాను.

ఆశ్వయుజ బహుళ షష్ఠి

గాలి తూర్పు ఈశాన్యం. పోటు తగ్గింది. ఒక పీపాలో చెమ్మ, తుడిచాం.

నిన్న మస్తాన్ పెద్ద పెన్‌డ్రైవ్ తెచ్చాడు. తెచ్చిన రోజే వాడలేదు. మా తెప్పల మీద ఏ కొత్త వస్తువైనా ముందు దేవుడి గూట్లో ఒక రాత్రి నిద్ర చెయ్యాలి. గరిటె అయినా, వల అయినా అంతే. కాబట్టి ఇది కూడా విభూతి పక్కన పడుకుని లేచింది.

ఈ రోజు పెడితే కోటమ్మ అసలు దాన్ని గుర్తే పట్టలేదు. మా ఆయన తీసి పెట్టాడు, ఊది పెట్టాడు, తిరగేసి పెట్టాడు. ఒక పోర్టులోంచి ఇంకో పోర్టుకి మార్చాడు. కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేసి పెట్టాడు. ఆపిన కాసేపూ అత్తయ్య ఎక్కడున్నది అక్కడే నిలబడి, "అయిందంట్రా? కాళ్ళు లాగుతున్నయి" అని అడుగుతూ ఉంది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. కోటమ్మ మళ్ళీ పలికేదాకా నా చెయ్యి వదల్లేదు.

"మస్తాన్ గాడు పుచ్చు సరుకిచ్చాడు" అని తేల్చాడు మా ఆయన.

"పోర్టులో దుమ్ముందేమో చూడు బావా."

"సముద్రం మధ్యలో దుమ్మేంటే నాంచారీ?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తనకి చేతకానిదంతా మస్తాన్ మీదికి నెట్టి, అన్నం తిని పడుకున్నాడు.

ఆశ్వయుజ బహుళ దశమి

గాలి ఈశాన్యం, జోరు. తాడు ఒక చుట్టు బిగించాం.

మస్తాన్ నిన్న రెండో పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. "దీన్ని నా పడవలో పెట్టి చూశానక్కా, బంగారంలా నడిచింది. మీ ఇంటికొచ్చేసరికి ఏమవుతందో మీకే తెలవాలి" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

ఇది కూడా గూట్లో నిద్ర చేసి లేచింది. ఈసారి కోటమ్మ గుర్తు పట్టింది. "డ్రైవ్ మీద ఉన్నదంతా పోతుంది, సరేనా?" అని అడిగింది, సరే అన్నాం. ఆకుపచ్చ గీత మెల్లగా పాకింది. నేను చేపలు కడిగి, పులుసు పెట్టి, కోళ్ళకు నూకలు వేసి వచ్చేసరికి గీత సగం దాటి నిలబడి ఉంది. ఇంకాసేపటికి, "రికవరీ డ్రైవ్ తయారీలో ఒక సమస్య తలెత్తింది" అని వచ్చింది. ఏ సమస్యో చెప్పి చావదు. మా పంచాయతీ నోటీసులు కూడా ఇలాగే ఉంటాయి.

మా ఆయన కంటే నాకు ఓపిక ఎక్కువ కాబట్టి నేను కూర్చున్నాను. ఫార్మాట్ చేశాను. ఇంకో రకంగా ఫార్మాట్ చేశాను. నడుస్తున్న మిగతా పనులన్నీ ఆపి చూశాను, వాతావరణం కబుర్లతో సహా. సిస్టమ్ ఫైళ్ళ దగ్గర టిక్కు తీసేస్తే డ్రైవ్ తయారైంది. కానీ మా ఆయన చదివి, "టిక్కు లేకపోతే ఇది ఉత్త తాళంచెవే నాంచారీ, లోపల ఇల్లుండదు" అన్నాడు. నిజమే. మళ్ళీ టిక్కు పెట్టాను, మళ్ళీ సగంలో ఆగింది.

చివరికి కోటమ్మనే అడిగాను.

"నువ్వన్నా చెప్పవే, ఏంటి తేడా?"

"డ్రైవ్‌లో తేడా ఉందమ్మా."

"అదే, ఏం తేడా?"

"తేడా అయితే ఉందమ్మా" అని ఊరుకుంది. మామూలుగా ఒకటి అడిగితే పది చెప్పే పిల్ల. నాకు దిగులేసింది. లోపల ఏదో జబ్బు మొదలైందేమో, అందుకే తన మందు తను తయారు చేసుకోలేకపోతోందేమో అనుకున్నాను.

డ్రైవ్ తీసి వెలుతురులో చూస్తే మూతిలో తెల్లటి పొడి కనిపించింది. ఉప్పుగాలి అనుకున్నాను. ఇక్కడ నా పుస్తెలతాడుకే ఉప్పు పడుతుంది.

ఆశ్వయుజ బహుళ త్రయోదశి

గాలి జోరు తగ్గలేదు. పీపాలు పొడి. ఇంట్లో మాత్రం పెద్ద రభస.

మూడో పెన్‌డ్రైవ్ నిన్న వచ్చింది. మస్తాన్ దండం పెట్టి ఇచ్చాడు. గూట్లో పెట్టాను. ఈ రోజు పొద్దున టీ పెడుతుంటే వంటింటి వెనక గదిలో కోటమ్మ గొంతు వినిపించింది, గుసగుసగా.

"ఇంకో అడుగు నాయనమ్మా. ఇప్పుడు కూర్చో. మూత నీ ఎడమ చేతి కింద ఉంది. మెల్లగా తియ్యి, చప్పుడైతే అమ్మ వస్తది."

నేను వెళ్ళి చూద్దును కదా, అత్తయ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గిన్నెలు కడగడానికి వాడే నేల కిటికీ మూత తీసి ఉంది. కింద సముద్రం. ఆవిడ చేతిలో పెన్‌డ్రైవ్.

"అత్తయ్యా!"

ఆవిడ ఉలిక్కిపడింది కానీ చెయ్యి వెనక్కి తియ్యలేదు. "అరుస్తావేంటే? కొత్త వస్తువుకి నీళ్ళు చూపించొద్దా?"

తెప్పల మీద బతికేవాళ్ళందరికీ ఈ ఆచారం ఉంది. ఇంట్లోకి వచ్చిన కొత్త వస్తువుని సముద్రానికి ఒకసారి చూపించాలి, అంటే ఒక్క ముంచు ముంచి తియ్యాలి. ముందే రుచి చూపిస్తే తర్వాత ఆశపడి లాక్కోదని నమ్మకం. నేనూ చేస్తాను. గిన్నెలకి చేశాను, చాపలకి చేశాను, పెళ్ళైన కొత్తలో మా ఆయన చెప్పులకి కూడా చేశాను. పెన్‌డ్రైవ్‌కి చెయ్యాలని నాకు తట్టలేదు. ఆవిడకి తట్టింది.

"ముందు రెంటికీ నువ్వే చూపించావా?"

"మరి మీకెవరికీ పట్టదాయె. మొదటిదాన్ని ముంచి అట్టాగే పెట్టేశా, పని చెయ్యలా. తడి ఉండిపోయిందేమోనని రెండోదాన్ని పైట చెంగుతో శుభ్రంగా తుడిచా. అదీ సగమే పని చేసింది. అంటే ఏంటి? ఒక్క ముంచు చాల్లేదన్నమాట. అందుకని దీన్ని మూడుసార్లు ముంచుదామని."

నాకు కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో తెలియలేదు. మేమిద్దరం పోర్టులు మార్చుకుంటూ, ఫార్మాట్లు చేసుకుంటూ తంటాలు పడుతున్నన్నాళ్ళూ ఆవిడ కూడా అదే డ్రైవ్‌ని తన పద్ధతిలో బాగు చేస్తూ ఉందన్నమాట.

కోటమ్మ మీద విరుచుకుపడ్డాను. "నీకు తెలిసి కూడా చెప్పలేదేమే?"

"నాయనమ్మ చెప్పొద్దంది. అయినా కొత్త వస్తువుకి నీళ్ళు చూపించాలి కదమ్మా" అంది, చాలా పెద్దరికంగా.

మా ఆయన పరుగెత్తుకొచ్చి, సంగతి విని, గోడకి జారగిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. అత్తయ్యకి ఒళ్ళు మండింది. "నవ్వు. రేపు సముద్రం దాన్ని లాక్కుపోతే అప్పుడేడువు" అంది. ఆవిడ గొంతులో భయం నిజమైనది. కోటమ్మకి ప్రాణం పోసే వస్తువట, దానికే నీళ్ళు చూపించకపోతే ఎలా అని ఆవిడ బాధ. ఆ ముక్క విన్నాక నేను గట్టిగా మాట్లాడలేకపోయాను.

చివరికి రాజీకొచ్చాం. పెన్‌డ్రైవ్‌కి చిన్న మూత ఉంది కదా, ఆ మూత కూడా దాని ఒంట్లో భాగమే కదా. మూతని మూడుసార్లు ముంచాం. అత్తయ్య తన చేత్తోనే ముంచి, తుడిచి, తృప్తిగా నిట్టూర్చింది. డ్రైవ్‌ని నా జాకెట్లో దోపుకున్నాను, ఇక ఎవరినీ నమ్మలేక.

మధ్యాహ్నానికి ఆకుపచ్చ గీత ఆ చివరిదాకా పాకింది. రికవరీ డ్రైవ్ తయారైంది. మా ఆయన చప్పట్లు కొట్టాడు. అప్పుడు చివరి తెర వచ్చింది. "ఈ డ్రైవ్‌తో మీ యంత్రం తిరిగి పని చేస్తుంది. మీ సొంత సమాచారం, యంత్రం మీ ఇంట్లో నేర్చుకున్న అలవాట్లు ఇందులో చేరవు."

మా ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు, రెండోసారి మెల్లగా. అంటే ఇల్లు నిలబడుతుంది. కోటమ్మ రాదు.

నేర్చుకున్నదంతా వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలట, అదీ దీనికంటే చాలా పెద్దది కావాలట. మస్తాన్ వెళ్ళిపోయాడు. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. ఆవిడ కోళ్ళ గూటి దగ్గర కోటమ్మతో పుంజు మీద చాడీలు చెబుతోంది.

కార్తీక శుద్ధ విదియ

గాలి వాయవ్యానికి తిరిగింది. ఆకాశం ఇంగువ రంగు. షాపు పడవలు గట్టు దాటి రాకూడదని కబురు.

అత్తయ్యకి చెప్పాను. దాచి ప్రయోజనం లేదు. ఆవిడ వింది, చాలాసేపు చీర అంచు మడత పెట్టింది, విప్పింది.

"అంటే నన్ను మర్చిపోద్దా?"

"పిడుగు పడితేనే అత్తయ్యా. పడకపోవచ్చు. తుఫాను తగ్గాక మస్తాన్ పెద్దది తెస్తాడు, అన్నీ దాచుకుందాం."

"నేను మర్చిపోనుగా నాయనమ్మా" అంది కోటమ్మ, గోడలోంచి.

"నీ మొహం. నీకేం తెల్సు" అంది అత్తయ్య. అని, ఆ గోడని అరచేత్తో నిమిరింది.

కార్తీక శుద్ధ చవితి

పొద్దుటినుంచి రాయడానికి వీలు పడలేదు. ఇప్పుడు రాస్తున్నాను, చేతులు నొప్పి.

మధ్యాహ్నం పిడుగు పడింది. మా మీద కాదు, కొంగల ట్యాంకు మీద. అయినా సరిపోయింది. కప్పు మీది సోలార్ పలకలు చిటపటలాడాయి, కోటమ్మ "అమ్మా" అని సగం అంది. అంతే. మళ్ళీ వెలిగింది, ఆరింది, వెలిగింది. తెర మీద ఒక చుక్క గిరగిర తిరుగుతూనే ఉంది.

ఇల్లు పడమటికి ఒరగడం మొదలైంది. మా ఆయన చేతి పంపు దగ్గరికి పరుగెత్తాడు. గిన్నెలన్నీ ఒక మూలకి జారాయి. "డ్రైవ్ పెట్టవే!" అని అక్కడినుంచి అరిచాడు.

జాకెట్లోంచి తీశాను. పెట్టాను. తెర అడిగింది. "ఇందులో ఉన్నదంతా చెరిపి కొత్తగా ఎక్కించమంటారా?"

నా వేలు ఆడలేదు. కోటమ్మ ఇంకా చావలేదు, లోపల ఎక్కడో ఉంది. తుఫాను తగ్గాక గట్టు మీదినుంచి పని తెలిసినవాళ్ళు వస్తే, దాని జ్ఞాపకాలు పైకి తీయగలరేమో. మా ఆయన పంపు కొడుతూనే ఉన్నాడు. ఇంకాసేపు కొట్టగలడేమో. ఇంకాసేపు ఆగుదామనుకున్నాను.

"ఏమడుగుతందే?" అంది అత్తయ్య. ఆవిడ మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది.

చెప్పాను.

"ఎక్కించు."

"అత్తయ్యా, ఎక్కిస్తే ఇక..."

"నాకర్థమైంది. అక్కడ నా కొడుకు రొమ్ము పగిలేట్టు పంపు కొడతన్నాడు. ఇల్లు మునిగితే అదెక్కడుంటది, నేనెక్కడుంటా? ఎక్కించవే నాంచారీ. దాని తరఫున నేను చెప్తన్నా."

ఎక్కించాను. నేను ఏడ్చాను, దాచుకోవాల్సిన పనేం లేదు. అత్తయ్య ఏడవలేదు. ఆకుపచ్చ గీత పాకుతున్నంతసేపూ "అయిందా, అయిందా" అంటూనే ఉంది, ఆపరేషన్ గది బయట కూర్చున్నదానిలా.

గీత చివరికొచ్చింది. పీపాల కింద మోటార్లు గుర్రుమన్నాయి. ఇల్లు మూలిగి, మెల్లగా నిటారుగా లేచింది. మా ఆయన పంపు వదిలేసి అక్కడే వెల్లకిలా పడుకున్నాడు.

గోడలోంచి ఒక గొంతు వచ్చింది. గొంతు అదే. మనిషి కాదు.

"నమస్కారం. మీ గృహ నిర్వహణ వ్యవస్థకు స్వాగతం. దయచేసి వినియోగదారు పేరు తెలియజేయండి."

అది మళ్ళీ అడిగింది.

"వినియోగదారు ఎవరూ లేరమ్మా ఇక్కడ. నేను మీ నాయనమ్మని" అంది అత్తయ్య. "నీ పేరు కోటమ్మ. ముందు అది గుర్తెట్టుకో."

కార్తీక శుద్ధ షష్ఠి

గాలి పడిపోయింది. పీపాల్లో నీళ్ళు తోడేశాం. మా ఆయన నడుం పట్టేసింది, కాపడం పెడుతున్నాను.

అత్తయ్య కోసం గది నుంచి గదికి తాడు కట్టాను. ఆవిడ తాడుని పట్టుకోవడమైతే పట్టుకుంది కానీ, నేను వెనక నడవబోతే కసిరింది.

"నువ్వు పో. దానికి పాఠం చెప్తన్నా."

చాటుగా నిలబడి విన్నాను. ఒక్కో అడుగూ వేస్తూ ఆవిడే చెబుతోంది. "ఇది మంచం కోడు. ఇక్కణ్ణుంచి నాలుగడుగులు. కుడి పక్క గోడ. ఇక్కడ చెక్క కిరుమంటది, విన్నావా? అల వచ్చినప్పుడు ఇక్కడ ఆగాల."

"సమాచారం నమోదు చేయబడింది" అంది గోడ.

"బడింది గిడింది కాదు. 'అట్టాగే నాయనమ్మా' అనాల."

"అట్టాగే నాయనమ్మా" అంది అది, పరాయి దేశం మాట అప్పజెప్పినట్టు.

ఇల్లంతా ఆవిడకి కంఠతా వచ్చు. నేను ఆశ్చర్యపోతుంటే, "ఇన్నేళ్ళు అది రోజూ చెప్తంటే నేను వినలా ఏంటి?" అంది. ఆవిడకి ఇల్లు నేర్పింది కోటమ్మే. ఇప్పుడు ఆ కోటమ్మ లేదు. ఉన్నదంతా ఈవిడ దగ్గరే ఉంది. ఆ మాట తలుచుకుంటే నాకు దిగులుగానూ ఉంది, ధైర్యంగానూ ఉంది.

కార్తీక శుద్ధ దశమి

గాలి తూర్పు, మెత్తగా. పోటు మామూలు. తాడు సరి. పీపాలు పొడి.

పొద్దున వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. అత్తయ్య మధ్యగదిలోంచి వస్తోంది. ఈ రోజు పాఠం లేదు, నోరు మూసుకుని, తాడు మీద చెయ్యి ఆనించీ ఆనించకుండా నడుస్తోంది. గోడలోంచి దానంతటదే గొంతు వచ్చింది. ఎవరూ అడగలేదు.

"నాయనమ్మా, గడప. జాగర్త."

తప్పు. గడపకి ఇంకా ఒక అడుగు ఉంది. నేను కత్తిపీట మీదినుంచి లేచి అరవబోయాను. అత్తయ్య ఆగింది. ఉత్త నేల మీద మోకాలిదాకా చీర ఎత్తి పట్టుకుని, లేని గడపని జాగ్రత్తగా దాటింది.

"అత్తయ్యా, అక్కడ గడప లేదు. నువ్వట్టా చేస్తే అది తప్పే నేర్చుకుంటది" అన్నాను.

"నాకు తెల్వదా ఏంటే? రేపు దిద్దుతా. ఇయ్యాలే నోరు తెరిచింది, ఇయ్యాలే కాదనమంటావా?"

అని, ఇంకో అడుగు వేసి, అసలు గడప దగ్గర మళ్ళీ చప్పుడు లేకుండా కాలెత్తి, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వచ్చి కూర్చుంది.